నాలుగో పాఠం, పన్నెండో నిమిషం

రెండొందల పన్నెండు మంది మా ఆవిడ దగ్గర చొక్కా కుట్టడం నేర్చుకుంటామని చేరారు. అందులో తొమ్మిది మంది కుట్టారు. మిగతా రెండొందల ముగ్గురూ ఆవిడకి ఐదేసి స్టార్లు ఇచ్చి, దండాలు పెట్టి, పూలగుత్తుల బొమ్మలు పంపించి, చెప్పాపెట్టకుండా మాయమైపోయారు.

ఈ సంగతి మాకు కోర్సు నడిపే వెబ్‌సైటు వాళ్ళు ఉత్తరం రాస్తే గానీ తెలియలేదు. వాళ్ళ భాష చాలా మర్యాదగా ఉంది. మీ కోర్సంటే మాకెంతో అభిమానం, కానీ నలభై రోజుల్లోగా ఇప్పటిదాకా చేరినవాళ్ళలో ఐదోవంతు మందైనా చివరి పాఠం పూర్తిచేసి తాము కుట్టిన చొక్కా ఫోటో పెట్టకపోతే, దాన్ని జాబితా నుంచి తీసేస్తామని దాని సారాంశం. అంటే నలభై మూడు చొక్కాలు కావాలి. ఉన్నవి తొమ్మిది.

నేను ముప్ఫై ఒక్క సంవత్సరాలు నీళ్ళ ఆఫీసులో ఫిర్యాదుల విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. పొగడ్త అంటే నాకు మొదట్నుంచీ అనుమానం. కుళాయిలో నీళ్ళు చక్కగా వస్తున్నాయని ఎవరూ పనిగట్టుకుని ఉత్తరం రాయరు. రాశారంటే వెనకాల ఇంకేదో ఉందన్నమాట. అందుకే ఆ ఐదేసి స్టార్లు చూసినప్పుడల్లా నాకు లోలోపల గుబులుగానే ఉండేది. ఆవిడ మురిసిపోతుంటే నోరెత్తలేదంతే.

ఆవిడ మురిసిపోవడానికి కారణం ఉంది. ఇరవై తొమ్మిదేళ్ళు బజారులో టైలరు కొట్టు నడిపింది. పోయిన సంవత్సరం కుడిచేతి బొటనవేలి కీలు అరిగిపోయిందనీ, రోజుకు గంటకు మించి కత్తెర పట్టవద్దనీ డాక్టరు చెప్పేశాడు. కొట్టు మూసేసింది. ఆ తర్వాత రెండు నెలలు ఇంట్లో మడతపెట్టిన బట్టలే విప్పి మళ్ళీ మడతపెట్టేది. నాతో పోట్లాడటం కూడా మానేసింది. అప్పుడు నేను నిజంగా భయపడ్డాను. మా అమ్మాయి ఫోను కెమెరా ఒకటి స్టాండుకి బిగించి, "అమ్మా, నీకు వచ్చింది చెప్పు చాలు" అని ఈ కోర్సు మొదలుపెట్టించాక మనిషి మళ్ళీ మనిషైంది. నాతో పోట్లాట కూడా తిరిగి వచ్చింది.

ఉత్తరం చదివి మా ఆవిడ ఒక్కటే మాట అంది. "రెండోసారి కొట్టు మూసుకోవడం నావల్ల కాదండీ."

ఆ మాటతో నాలో నిద్రపోతున్న గుమాస్తా లేచి కూర్చున్నాడు. బల్ల మీద నాలుగు ఫైళ్ళు తెరిచాను. స్టార్లు ఒకదాంట్లో, జనం రాసిన మాటలు ఒకదాంట్లో, ఎవరెవరు ఏ పాఠం ఎంతసేపు చూశారో చెప్పే గీతలు ఒకదాంట్లో, వాళ్ళు పంపిన ఫోటోలు ఒకదాంట్లో.

"నాన్నా, ఇది నీళ్ళ పైపు కాదు" అంది అమ్మాయి.

"పైపే. ఎక్కడో లీకవుతోంది. ఎక్కడో కనిపెట్టాలి."

గీత చూడగానే లీకు ఎక్కడో తెలిసిపోయింది. మొదటి పాఠం కొలతలు, రెండోది కత్తిరించడం, మూడోది పక్క కుట్లూ భుజాలూ చేతులూ. ఈ మూడింట్లోనూ గీత బల్లపరుపుగా సాగింది. నాలుగోదీ చివరిదీ అయిన పాఠం కాలర్. అందులో పన్నెండో నిమిషం దాకా అందరూ ఉన్నారు. అక్కడ కొందరు అదే ముక్కని ఐదారుసార్లు వెనక్కి తిప్పి చూశారు. తర్వాత గీత మెట్ల మీంచి జారిన చెంబులా దభాలున కిందికి పోయింది.

మాటల ఫైలు చూస్తే ఏమీ అంతుపట్టలేదు. 'మేడమ్, మీరు దేవత.' 'మా అమ్మ గుర్తొచ్చింది.' 'మీ ఓపికకి నమస్కారం.' ఇలాంటివి నూట నలభై. మధ్యలో ఓ పదిహేను మంది 'మీ పాట ఎంతో బాగుంది మేడమ్' అని రాశారు.

"నేనెప్పుడు పాడానే?" అని మా ఆవిడ ఆశ్చర్యపోయింది.

"ఇంకేదో కోర్సులో రాయబోయి ఇక్కడ రాసుంటారమ్మా" అంది అమ్మాయి.

నేను మాత్రం ఇవన్నీ దాటుకుంటూ వెళ్ళి ఒక్క వాక్యం మీద డేగలా వాలాను. ఎవరో భయం భయంగా రాశారు: 'నాలుగో పాఠంలో సౌండ్ ఒకసారి చూడగలరు.' నూట నలభైలో ఒకే ఒక్క ఫిర్యాదు! ఎగిరి గంతేశాను. ఎర్ర సిరాతో చుట్టూ గీత గీసి, 'తగు చర్య నిమిత్తం' అని రాసి, సంతకం పెట్టి, నాకు నేనే పంపించుకున్నాను.

ఆ వారం మా ఇంట్లో జరిగిన చర్య అంతా ఇంతా కాదు. కాలర్‌కి తగిలించుకునే కొత్త మైకు కొన్నాం. ఫ్యాను ఆపేశాం. గోడలకి ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ వేలాడదీశాం. ఫ్రిజ్ గుర్రుమంటోందని ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టడం మరిచిపోతే పాలన్నీ విరిగిపోయాయి. షూటింగు జరుగుతున్నంతసేపూ నేను వీధి గుమ్మంలో నిలబడి, హారన్ కొట్టబోయిన ప్రతి స్కూటరుకీ చేతులు జోడించాను. ఒకాయన నాకేదో కష్టమొచ్చిందనుకుని బండి దిగి భుజం తట్టి వెళ్ళాడు.

దుప్పట్ల మధ్య చెమటలు కక్కుతూ మా ఆవిడ నాలుగో పాఠం మళ్ళీ మొదట్నుంచీ చెప్పింది. పక్క కుట్లకి ఆవిడ సూదులు వాడదు, చేత్తో పట్టుకుని పోనిస్తుంది. కాలర్‌కి మాత్రం సూదులుండాల్సిందే. పన్నెండో నిమిషంలో ఎప్పట్లాగే పన్నెండు గుండుసూదులు పెదాల మధ్య పట్టుకుని, ఒక్కొక్కటే తీసి గుడ్డకి గుచ్చుతూ, కాలర్ పట్టీ మధ్యని మెడ మధ్యతో ఎలా కలపాలో, మెడ అంచుకి గాట్లు ఎంత లోతు పెట్టాలో, ఏ గుడ్డని లాగకూడదో ఏడు నిమిషాలపాటు పూసగుచ్చినట్టు చెప్పింది. తర్వాత ముగ్గురం కూర్చుని చూసుకున్నాం. ఒక్క మాట పొల్లుపోలేదు. శభాష్ అనుకున్నాం.

రెండు రోజుల తర్వాత మొదటి స్పందన వచ్చింది. 'మేడమ్, ఇప్పుడు మీ పాట ఇంకా స్పష్టంగా వినిపిస్తోంది.' దానికీ ఐదు స్టార్లే.

అమ్మాయికి పౌరుషం వచ్చింది. మాటలు విని వాటంతటవే అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేరు ఏదో తెచ్చి నాలుగో పాఠానికి తగిలించింది. పన్నెండో నిమిషం దాకా అది బుద్ధిగా రాసుకుంటూ వచ్చింది. అక్కడ్నుంచి ఏడు నిమిషాలపాటు తెర కింద ఒకే ఒక్క మాట కదలకుండా నిలబడిపోయింది: 'సంగీతం.'

"దీనికి తెలుగు సరిగ్గా రాదు నాన్నా" అని అమ్మాయి విసుక్కుని తీసేసింది. నేనూ తలూపాను. ఇంటిల్లిపాదికీ అర్థమైన మాట యంత్రానికి అర్థం కాలేదంటే లోపం ఎవరిదో వేరే చెప్పాలా!

ఇక మిగిలిన దారి ఒక్కటే. బయటి మనిషిని ఎవరినైనా తెచ్చి, కళ్ళెదురుగా కూర్చోబెట్టి కుట్టించి చూడటం. మా పైవాటాలో పళ్ళ డాక్టరమ్మ కొత్తగా అద్దెకి దిగింది. చురుకైన పిల్ల. జీవితంలో సూదీదారం పట్టలేదట. ఇంతకన్నా నిష్పాక్షికమైన సాక్షి ఎక్కడ దొరుకుతుంది? సెలవు రోజు పొద్దున్నే కిందికి పిలిచి, మిషను ముందు కూర్చోబెట్టి, ఫోను ఎదురుగా పెట్టి, నేను నోటు పుస్తకంతో పక్కన కూర్చున్నాను. సాయం చేయకూడదని మా ఆవిడని వంటింట్లోకి తోసేసి తలుపు వేశాను.

మూడు పాఠాలూ సాఫీగా గడిచాయి. నాలుగో పాఠం, పన్నెండో నిమిషం. నేను పెన్ను సిద్ధంగా పట్టుకున్నాను. డాక్టరమ్మ తెర వంక చూస్తూ "ఊఁ... సరే... ఆహా, మధ్యలోంచి మొదలుపెట్టాలా... లాగకూడదా, సరే సరే" అనుకుంటూ చకచకా సూదులు గుచ్చేసి, కుట్టేసి, కాలర్ పైకెత్తి చూపించింది. బొమ్మలో ఉన్నట్టుంది.

"ఎక్కడైనా అర్థం కాలేదామ్మా?"

"లేదంకుల్! ఆంటీ ఎంత బాగా చెప్పారో! ముఖ్యంగా ఆ కాలర్ దగ్గర."

నా నివేదిక అక్కడికక్కడే రాసి పారేశాను. 'కోర్సులో ఎటువంటి లోపమూ లేదు. లోపం విద్యార్థుల్లో ఉంది. వారికి శ్రద్ధ లేదు.' గట్టిగా చదివి వినిపించాను కూడా. నాకు ఆఫీసులో ఇలాంటి నివేదికలకే మంచి పేరు.

మా ఆవిడ వంటింట్లోంచి అట్లకాడతో బయటికి వచ్చింది.

"నా దగ్గర నేర్చుకునేవాళ్ళని సోమరిపోతులంటే నేనూరుకోను. శ్రద్ధ లేనివాళ్ళయితే ఒకటే ముక్కని ఆరుసార్లు వెనక్కి తిప్పి చూస్తారా? మీ ఫోటోల ఫైలు ఒకసారి సరిగ్గా చూశారా అసలు?"

చూడలేదు. నేను మాటల మనిషిని, బొమ్మల్ని ఎప్పుడు పట్టించుకున్నాను గనక! ఇద్దరం కూర్చుని తిరగేశాం. సగంలో ఆగినవాళ్ళు కూడా ముచ్చటపడి తమ చొక్కాల ఫోటోలు పంపారు. కుట్లు తిన్నగా ఉన్నాయి. చేతులు చక్కగా కుదిరాయి. ఒక్క చొక్కాకీ కాలర్ లేదు. ఒకాయన మండుటెండలో మఫ్లరు చుట్టుకుని నిలబడ్డాడు. ఒకావిడ ఫోటోని గడ్డం దాకా కత్తిరించి పంపింది. ఇంకొకాయన కాలర్ ఉండాల్సిన చోట పాత చొక్కాలోంచి పీకిన కాలర్ పిన్నీసులతో తగిలించుకుని నవ్వుతున్నాడు.

"ఇంత కష్టపడి కుట్టినవాళ్ళు కాలర్ దగ్గర ఆగారంటే, అక్కడ నేనేదో తక్కువ చేశానన్నమాట" అంది మా ఆవిడ. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మీరు ఎవరింటికైనా వెళ్ళి చూసి రండి. ఫైళ్ళు చాలించి."

సిగ్గేసింది. నీళ్ళ ఆఫీసులో కొత్తగా చేరిన రోజు మా పెద్ద గుమాస్తా చెప్పింది కూడా ఇదే. కాగితం చూసి తేల్చకు, వెళ్ళి కుళాయి తిప్పి చూడు అని. గడువు ఇంకా ఇరవై రెండు రోజులుంది. మఫ్లరు పెద్దమనిషి మా ఊళ్ళోనే ఉంటాడని తెలిసి, ఆయనకి కబురు పెట్టి బయల్దేరాను.

ఆయన సిటీ బస్సు డ్రైవరు. ఇరుకు గదిలో కిటికీ పక్కన మిషను, దాని మీద ఇస్త్రీ చేసి పెట్టిన నీలం చొక్కా, పక్కనే గ్లాసులో నిలబెట్టిన ఫోను. కూతురు డిగ్రీ పట్టా అందుకునే రోజుకి తన చేత్తో కుట్టుకున్న చొక్కా వేసుకెళ్ళాలని ఆయన కోరికట. నన్ను చూసి ఇంటికి తనిఖీ అధికారి వచ్చినట్టు కంగారుపడిపోయాడు.

"మేడమ్ గారి మీద నాకే కంప్లయింటూ లేదు సార్! ఐదు స్టార్లిచ్చాను. కావాలంటే ఇంకో ఫోన్లోంచి కూడా ఇస్తాను."

"స్టార్లు వద్దు బాబూ. నాలుగో పాఠం పెట్టండి. నేనిక్కడ లేననుకోండి."

పెట్టాడు. పన్నెండో నిమిషం వచ్చింది. తెర మీద మా ఆవిడ సూదులు పెదాల మధ్య పెట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది. డ్రైవరు చేతిలో పని పక్కన పెట్టి, కుర్చీలో వెనక్కి వాలి, హాయిగా తల ఊపసాగాడు. వేలితో మిషను బల్ల మీద తాళం కూడా వేస్తున్నాడు. లోపలి గదిలోంచి ఆయన భార్య వచ్చి గుమ్మానికి ఆనుకుని నవ్వుతూ నిలబడింది. ఏడు నిమిషాలూ అలాగే గడిచాయి. చివర్లో మా ఆవిడ ఆఖరి సూది తీసి, పూర్తయిన కాలర్ కెమెరాకి చూపించి, "చూశారుగా, ఇంతే" అంది.

"ఇదే సార్ నా కష్టం" అన్నాడు డ్రైవరు. "పాట అయిపోయేసరికి కాలర్ కూడా అయిపోతుంది."

"ఏం పాట?"

"మేడమ్ గారు పని చేసుకుంటూ పాడుకుంటారు కదా సార్. ప్రాణం లేచొస్తుంది అది వింటే. మా ఆవిడ ఈ ముక్క పెట్టుకునే వంట చేసుకుంటుంది. కాకపోతే కాలర్ ఎలా వేయాలో ఎప్పుడు చెప్తారా అని చూస్తున్నాను."

"మరి అడగలేదేం?"

"ఎలా అడుగుతాం సార్? అంత పెద్దావిడ తన్మయత్వంలో ఉంటే మధ్యలో ఆపి కాలర్ సంగతి చెప్పమంటామా?"

నేను ఫోను తీసుకుని మళ్ళీ పెట్టాను. కళ్ళు మూసుకుని, ఈ గొంతు మా ఆవిడది కాదు, ఈ మనిషెవరో నాకు తెలియదు అనుకుని విన్నాను. ముందు మామూలుగానే ఉంది. తర్వాత మెల్లగా మాటలు కరిగిపోయాయి. మిగిలింది విన్నాను. "మ్మ్ ఊమ్మ్ మ్మ్మ్. ఉమ్మ్ మ్మ్ ఊఁ మ్మ్." ఎంత తీయగా ఉందో! పాటే అది! రెండొందల ముగ్గురూ నిజమే చెప్పారు. సౌండు బాగాలేదన్నవాడు నిజం చెప్పాడు, పాట బాగుందన్నవాళ్ళు నిజం చెప్పారు, తెలుగు రాదని మేం తిట్టిపోసిన ఆ యంత్రం కూడా నిజమే చెప్పింది. ఒక్క అక్షరం అబద్ధం లేకుండా అందరూ చెప్తూనే ఉంటే విననిది మేమే. డ్రైవరుగారి గదిలో, ఆయన భార్య ఎదుటే, కడుపు పట్టుకుని కింద కూర్చుండిపోయి నవ్వాను.

ఆ పూట ఇంట్లో ఎవరూ అన్నం సరిగ్గా తినలేదు. అమ్మాయి నేల మీద దొర్లి దొర్లి నవ్వింది. మా ఆవిడ ముక్కున వేలేసుకుని, "నోట్లో సూదులుంటే మాట తెలియదా? కొట్లో ఎవరూ ఎప్పుడూ అననే లేదే!" అంది.

"కొట్లో ఉండేది మనమే కదమ్మా. నేను ఉయ్యాల్లో ఉన్నప్పట్నుంచీ అదే భాష విన్నాను" అంది అమ్మాయి.

"మరి డాక్టరమ్మ?"

డాక్టరమ్మని పిలిచి అడిగాం. ఆ పిల్ల అమాయకంగా కళ్ళు పెద్దవి చేసింది. "అర్థం కాకపోవడమేంటి ఆంటీ? నా పేషెంట్లందరూ అలాగే మాట్లాడతారు! నోరంతా దూది పెట్టుకుని వాళ్ళ ఇంటి గొడవలన్నీ చెప్తారు, నేను జవాబు కూడా ఇస్తాను."

ఊరంతా గాలించి గాలించి, నిండు నోటి మాట తెలిసిన ఒకే ఒక్క మనిషిని సాక్షిగా పట్టుకొచ్చిన ఘనుణ్ణి నేను. పూర్తిచేసిన ఆ తొమ్మిది మందికీ ఫోన్లు చేశాను. తొమ్మిది మందీ టైలర్లే. సరదాకి చేరారట. 'మా గురువుగారు కూడా అచ్చం ఇలాగే చెప్పేవారండీ' అని ఒకాయన మురిసిపోయాడు.

ఇంకేముంది, సూదులు తీసేసి మళ్ళీ తీస్తే సరి అనుకున్నాం. అక్కడే అసలు కథ అడ్డం తిరిగింది. మణికట్టుకి సూదులు గుచ్చుకునే చిన్న దిండు కట్టి మా ఆవిడని కెమెరా ముందు కూర్చోబెట్టాం. నోరు ఖాళీగా ఉంది. చేతులు ఆగిపోయాయి. ఏ సూది తర్వాత ఏది అని వెతుక్కుంటోంది. రెండోసారి తీస్తే కాలర్ తలకిందులుగా వేసింది. మూడోసారి తప్పు వైపు వేసింది. ఇరవై తొమ్మిదేళ్ళలో ఆవిడ కాలర్ తప్పు వేయడం నేను చూడలేదు. అమ్మాయి పాత వీడియో మీద అక్షరాలు వేసి చూసింది. డ్రైవరుగారు అది చూసి, చదువుతుంటే గుడ్డ జారిపోతోంది, గుడ్డ చూస్తుంటే అక్షరం జారిపోతోంది అని ఎంతో మొహమాటంగా చెప్పాడు. విడిగా గొంతు మాత్రం రికార్డు చేద్దామన్నాం. చేతిలో గుడ్డ లేకపోతే మా ఆవిడకి మాటే తోచలేదు.

అప్పటికి పదమూడు రోజులే మిగిలాయి. మా ఆవిడ మణికట్టు మీది దిండు విప్పేసింది.

"తీసేయమనండి కోర్సు. వేలు పోయిందన్నారు, కొట్టు మూశాను. ఇప్పుడు నోరు కూడా పనికిరాదంటున్నారు. ఇంక నాలో ఏం మిగిలిందని?"

మళ్ళీ ఆ మడతపెట్టిన బట్టలు, మళ్ళీ ఆ నిశ్శబ్దం. ఏం చేయాలో తోచక, గుండుసూదుల డబ్బా తీసి ఆవిడ ముందు పెట్టి, నా కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను.

"సూదులు నోట్లోనే పెట్టుకో. నీ పని నువ్వు చేసుకో. నువ్వు చెప్పింది నేను చెప్తాను."

"మీరా? మీకు కాలర్ గురించి ఏం తెలుసు?"

"కాలర్ గురించి ఏమీ తెలియదు. నీ గురించి తెలుసు. కెమెరా పెట్టవే అమ్మాయీ."

పన్నెండు సూదులూ ఆవిడ పెదాల మధ్యకి చేరాయి. చేతులు వాటంతటవే కదిలాయి. ఆవిడ "మ్మ్ ఊమ్మ్" అంటే నేను "కాలర్ పట్టీని సగానికి మడిచి మధ్యలో గుర్తు పెట్టుకోండి" అన్నాను. ఆవిడ "ఊమ్మ్ మ్మ్మ్" అంటే నేను "మొదటి సూది మెడ వెనక మధ్యలో. తర్వాత రెండు చివర్లా చెరొకటి. ఆ తర్వాతే భుజాల దగ్గర" అన్నాను. కాసేపటికి నాకు ఊపొచ్చేసింది. ఆవిడ గొంతు పెంచితే నేనూ పెంచాను, ఆవిడ విసుక్కుంటే నేనూ విసుక్కున్నాను. "మెడ గుడ్డని లాగకండి, లాగితే కాలర్ ఏడుస్తుంది, చొక్కా వేసుకున్నవాడూ ఏడుస్తాడు! గాటు కుట్టు దాకా పోకూడదు, బియ్యపు గింజంత దూరంలో ఆగిపోవాలి! ఈయన కుర్చీ కాస్త వెనక్కి జరుపుకోవాలి, వెలుతురుకి అడ్డొస్తున్నారు!" అని ఆ ఊపులో అది కూడా చెప్పేసి, తర్వాత అర్థమై కుర్చీ జరుపుకున్నాను. కెమెరా వెనక అమ్మాయి గుప్పెట నోట్లో కుక్కుకుని ఊగిపోతోంది. మా ఆవిడ నవ్వు ఆపుకోలేక సూదుల మధ్యనుంచే కిసుక్కుమంది. డాక్టరమ్మ మాట మీద మధ్యలో ఓ హెచ్చరిక కూడా చేర్చాను: "మీరెవరూ సూదులు నోట్లో పెట్టుకోకండి. ఇది ఈవిడకే చెల్లు."

పంతొమ్మిదో నిమిషం. పెదాల మధ్య ఒక్క సూది మిగిలింది. మా ఆవిడ తల ఎత్తకుండా, గుడ్డ సర్దుతూ, మెల్లగా ఏదో అంది. నేను చెప్పబోయి ఆగిపోయాను. కెమెరా వెనక నుంచి అమ్మాయి తల బయటపెట్టి చూసింది. అమ్మాయికీ అర్థమైంది.

ఆవిడ అన్నది ఇది: "ఇన్నేళ్ళూ మీరు పేపరు చదువుకుంటూ ఊరికే ఊఁ కొడుతున్నారనుకున్నాను. వింటూనే ఉన్నారన్నమాట."

నేను కెమెరా వంక తిరిగి, "ఇప్పుడు మిషను మీద పెట్టి కుట్టేయడమే" అన్నాను. అది ఆవిడ అననే లేదు. అమ్మాయి ఆ ముక్క కత్తిరించనంటే కత్తిరించనంది. అలాగే వెబ్‌సైటులో పెట్టేశాం. ఆగిపోయినవాళ్ళందరికీ 'పాట కాదు, పాఠం' అని కబురు పంపాం.

మొదటి నాలుగు రోజులు ఏమీ లేదు. ఐదో రోజు పొద్దున కాలర్లు రావడం మొదలయ్యాయి. మూడు, ఏడు, ఒక్కరోజే పదకొండు. పెద్ద కాలర్లు, చిన్న కాలర్లు, కొంచెం వంకర కాలర్లు, పసిపిల్లవాడి చొక్కాకి బొటనవేలంత కాలర్. అమ్మాయి ఆఫీసు నుంచి గంటకోసారి ఫోను చేసి లెక్క అడిగేది. డ్రైవరుగారు నీలం చొక్కా వేసుకుని, పట్టా పట్టుకున్న కూతురి పక్కన, మెడ పొడుగ్గా సాచి ఫోటో దిగాడు. గడువుకి రెండు రోజుల ముందు నలభై మూడోది వచ్చింది. మా ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని దగ్గరగా చూసి, "ఎడమ చివర పావంగుళం ఎక్కువైంది" అని, తర్వాత మిషను ముందు స్టూలు మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. నేను మాత్రం తక్కువ తిన్నానా, పక్కనే కూర్చుని అదే పని చేశాను. గడువు నాటికి అరవై ఒకటయ్యాయి.

ఇప్పుడు నా ఫిర్యాదుల ఫైలు లావెక్కింది. ఇరవై ఆరు ఫిర్యాదులు, విషయం ఒకటే. 'పంతొమ్మిదో నిమిషంలో మేడమ్ ఏదో అన్నారు, సార్ చెప్పలేదు. ఏమన్నారు?' 'అక్కడ ముఖ్యమైన సూచన ఏదో వదిలేశారని అనుమానంగా ఉంది.' డాక్టరమ్మకి ఎటూ తెలుసు. మెట్ల మీద ఎదురైనప్పుడల్లా నోటికి తాళం వేసినట్టు సైగ చేసి పరుగెత్తుతుంది.

ముప్ఫై ఒక్క సంవత్సరాల్లో జవాబివ్వకుండా నేను ఒక్క ఫిర్యాదూ వదల్లేదు. అందుకని నిన్న కూర్చుని రాయబోయాను. రాయలేకపోయాను. కారణం సిగ్గు కాదు. ఆవిడ అనుకున్నది నిజం కాదు, అదీ నా బాధ. నేను ఆఫీసు నుంచి కొట్టుకి వచ్చి మూల స్టూలు మీద కూర్చుని పేపరే చదివేవాణ్ణి. ఊరికే ఊఁ కొట్టేవాణ్ణి. ఆ మాటలు ఎప్పుడు చెవిన పడ్డాయో, ఎలా వంటబట్టాయో నాకే తెలియదు. దక్కని పొగడ్త మోస్తూ తిరగడం నావల్ల కాలేదు. లేచి వెళ్ళి మా ఆవిడతో ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆవిడ కొత్తగా చేర్చబోయే ఐదో పాఠానికి గుడ్డ కత్తిరిస్తోంది. తల ఎత్తలేదు.

"పేపరే చదివేవారా?"

"పేపరే."

"మరి ఇప్పుడు గుర్తు చేసుకుంటే, గంటసేపు కూర్చుని ఒక్క పేజీ అయినా తిప్పేవారు కాదేం?"

ఆవిడ కత్తెర కింద పెట్టి, సూదుల డబ్బా అందుకుని, కుర్చీ తెచ్చుకోమని నాకు సైగ చేసింది.